సమస్యాపూరణం: తప్పులున్న చోటె మెప్పు గలదు

ఇచ్చిన పాదం చివర వచ్చేలా మిగిలిన మూడు పాదాలు రాసి పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణం. ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం. తప్పు, మెప్పు అన్న మాటలతో ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం) కుదిరింది. శంకర్ దర్శకత్వంలో రజనీకాంత్ నటించగా 2010లో వచ్చిన ‘రోబో’ చిత్రానికి అన్వయిస్తూ పూరించమని కోరాము.

విజయవాడ సభ్యుని పూరణ:

యంత్ర మనుజు లెల్ల నల్లుకొని బిగిసి
పాముగాను లేచి పైకిఁ బాక
శాస్త్రమేది యనక సంబరపడితిమి
తప్పులున్న చోటె మెప్పు గలదు

పరిశీలన: పద్యం నిర్దుష్టంగా ఉన్నది. పతాక ఘట్టంలో చిత్రంలోని యంత్రమానవుడైన చిట్టి ప్రతిరూపాలు గోళంగా, పాముగా, మహాకాయునిగా మారుతున్నప్పుడు అడుగున ఉన్న యంత్రం కీళ్లు అంత బరువును ఎలా మోస్తున్నాయని అడిగితే జవాబు దొరకదు. అయినా ఆ ఊహను సగంలో ఆపకుండా చివరిదాకా నడిపించినందువల్లనే మనం కళ్లార్పకుండా చూశాము. దృశ్య ప్రభావాలకు ఈ చిత్రం జాతీయ పురస్కారం పొందడం ఎంతో న్యాయమని నా అభిప్రాయం. ‘శాస్త్రమేది యనక’ అన్న మూడు గణాలలో ప్రేక్షకుని మనసంతా ఇమిడిపోయింది.

రాజమహేంద్రవరం సభ్యుని పూరణ:

దోమ వెంట నుఱికి తొందర పెట్టిన
మరనుఁ జూచి నగిరి మనుజు లెల్ల
కథకుఁ బొత్తు లేని ఘట్టమె యైనను
తప్పులున్న చోటె మెప్పు గలదు

పరిశీలన: ఎత్తుగడ చక్కగా ఉన్నది. ‘ఘట్టమె’ అన్నచోట ఏవకారం (నొక్కి చెప్పే ‘ఎ’) గణపూరణకే వచ్చినట్లున్నది కనుక ‘కల్పనమైనను’ అంటే యతి చెడదు, వ్యర్థపదమూ ఉండదు.

హన్మకొండ సభ్యురాలి పూరణ:

మంటలందు దూరి మగువను దెచ్చిన
మరకు సిగ్గు తెలియు మనసు లేదు
మనసు నేర్చి పిదప మన్నింపుఁ గోరెను
తప్పులున్న చోటె మెప్పు గలదు

పరిశీలన: తప్పును చిత్రం మీద నుండి యంత్రం మీదికి మళ్లించడం ఈ పూరణలోని ప్రతిభ. స్నానం చేస్తున్న యువతిని మంటల నుండి అలాగే జనం మధ్యకు తీసుకువచ్చిన చిట్టికి తాను చేసిన పొరపాటేమిటో తెలియదు. సిగ్గుతో పరుగెత్తిన ఆ పిల్ల వాహనం కింద పడి మరణించిన తరువాతనే దానికి మనోభావాలు నేర్పవలసిన అవసరం వస్తుంది. అట్టహాసమైన చిత్రంలో ఇంత బరువైన మలుపు ఉన్నదని గుర్తు చేసిన పద్యం ఇది. అందుకే నా ఓటు దీనికే.

విజయవాడ సభ్యుని ఆక్షేపణ: పూరణ రమ్యమే గాని, అడిగినది చిత్రంలోని లోపాలను గురించి కదండీ? యంత్రం చేసిన తప్పు కథలో భాగమే అవుతుంది, కథనానికి దోషం కాదు.

హన్మకొండ సభ్యురాలి సమాధానం: సమస్యలో ‘తప్పు’ ఎవరిదో చెప్పలేదు కనుక ఆ స్వేచ్ఛ తీసుకున్నానండీ. రాజమహేంద్రవరం వారి పద్యంతోనే నాకు పేచీ ఉన్నది. కథానాయిక సనాను కుట్టిన దోమను వెదకి పట్టి క్షమాపణ చెప్పించిన ఆ యంత్రమే, చివరకు తన భాగాలను తానే విప్పుకొంటూ అందరినీ క్షమించమని వేడుకొన్నది. మరి దోమ ఘట్టానికి కథతో పొత్తు లేదని ఎలా అనగలము?