పెడలు తొక్కినప్పుడల్లా టక్ మంటోంది: చైన్‌సెట్టు మార్చాలా, కాటరు పిన్ను చాలా?

అల్లూరు రోడ్డు:
28 అంగుళాల రాడ్డు బ్రేకుల సైకిలు. తిరిగేదంతా అల్లూరు, ఇస్కపల్లి మధ్య, అంటే ఉప్పు కొఠార్ల పక్కనే. మూడు బాధలున్నాయి.

కుడికాలు బలంగా వేసినప్పుడల్లా కింద ఒక టక్. బండిని స్టాండు వేసి చేత్తో తిప్పితే మాత్రం ఏ చప్పుడూ లేదు. రెండోది, చైను వేసి ఆరు నెలలే అయినా పైనంతా ఎర్రగా తుప్పు. మూడోది ముందు టైరు పంచరు. ప్యాచి వేసిన మర్నాటికి మళ్లీ గాలి దిగిపోతోంది.

షాపులో చూపిస్తే చైను, పళ్లచక్రం, ఫ్రీవీలు, చైన్‌సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఇంట్లో డంబెల్ పానా, రింగు పానాలు, ఆకురాయి, కిలో సుత్తి ఉన్నాయి. ఏది ముందు చూడాలో చెప్పండన్నా.

పాత పానా:
డబ్బులు తియ్యొద్దు అప్పుడే. ముందు ఆ టక్‌ని లెక్కపెట్టండి.

ఈ బండ్లకి మామూలుగా ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకి 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. పెడలు చుట్టుకి ఒక్క టక్ వస్తే దోషం పెడల్లోనో క్రాంకులోనో (పెడలు బిగించి ఉండే ఇనప చెయ్యి), బీబీలోనో (బాటమ్ బ్రాకెట్, అంటే క్రాంకుల ఇరుసు గుండ్ల మీద తిరిగే చోటు) ఉన్నట్టు. చుట్టుకి రెండు మూడు వస్తే వెనక చక్రం వైపు చూడాలి. రెండున్నర చుట్లకి ఒకసారి వస్తే చైన్లో ఏదో లింకు బిగుసుకుపోయింది. 110 లింకుల చైను 44 పళ్ల మీద ఒక దఫా పూర్తిగా తిరిగి రావడానికి అన్ని చుట్లే పడతాయి.

మీది చుట్టుకి ఒకటి, అదీ బరువు పడితేనే. కాటరు పిన్ను మీదే నా అనుమానం, అంటే క్రాంకుని ఇరుసుకి బిగించే, ఒక పక్క చదునుగా ఉండే పిన్ను. ఖాయం చేసుకోవాలంటే కుడి పెడలు ముందుకు అడ్డంగా పెట్టి, ముందు బ్రేకు పట్టి, ఒక చేత్తో పెడలు మీద గట్టిగా నొక్కి వదలండి. రెండో చేతి వేలు క్రాంకూ ఇరుసూ కలిసే చోట ఆనించి ఉంచండి. క్రాంకు కదిలి ఇరుసు కదలకపోతే పిన్ను వదులు. రెండు క్రాంకులూ కలిసి పక్కకి ఊగితే బీబీ. పెడలు ఒక్కటే లొడలొడలాడితే పెడలు లోపల గుండ్లని బిగించే కోను. ఎడమవైపు కూడా ఇలాగే చూడండి, ఒక్కోసారి చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవి పసిగట్టలేదు.

పిన్ను తీసేటప్పుడే అందరూ బండి పాడుచేసుకునేది. ఇలా చెయ్యండి:

క్రాంకును అడ్డంగా, పిన్ను నట్టు పైకి వచ్చేలా తిప్పండి. నేల నుంచి క్రాంకు అడుగు దాకా కొలిచి, అంత పొడవు ఇనప పైపు ముక్క నిలబెట్టండి. పిన్ను లావు తల ఆ పైపు బెజ్జంలోకి దిగాలి, క్రాంకు బరువంతా పైపు అంచు మీద ఆనాలి. ఈ ఆధారం లేకుండా కొడితే దెబ్బ బీబీ గుండ్ల మీద పడుతుంది, ఆ గుండ్లు తిరిగే కప్పుల్లో గుంటలు పడతాయి. టక్ పోయి గరగర తగులుకుంటుంది.

నట్టు పూర్తిగా ఊడదీయొద్దు. పిన్ను కొస, నట్టు పైఅంచు సమానంగా వచ్చేదాకా వదులుచేసి ఆపండి, మరలు దెబ్బతినవు. తర్వాత కిలో సుత్తితో నిటారుగా ఒక్కటే దెబ్బ. చిన్న సుత్తితో పదిసార్లు టకటకలాడిస్తే పిన్ను కదలదు సరికదా, కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మీ దారిలో ఉప్పుగాలి కాబట్టి ముందురోజు రాత్రే రెండు వైపులా డీజిల్ చుక్కలు వేసి ఉంచండి. అప్పటికీ మొండికేస్తే కొస హాక్సాతో కోసి, నడిమధ్య 6 మి.మీ. బిట్టుతో బెజ్జం వేసి కొట్టడమే దారి.

కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. 3/8 అంగుళం, అంటే 9.5 మి.మీ. లావుదీ, 9 మి.మీ. దీ రెండూ ఉంటాయి. సన్నది లావు బెజ్జంలో దూరుతుంది, నట్టు బిగుస్తుంది, వారానికి మళ్లీ టక్. రెండు పిన్నులూ జతగా మార్చండి. ఖర్చు పెద్దదేమీ కాదు.

చదును భాగం ఇరుసు గాడికి పూర్తిగా ఆనాలి. చదునుకి బొగ్గు మసి రాసి, దూర్చి, ఒక దెబ్బ కొట్టి తీసి చూడండి. మసి చెరిగిన చోటే తగులుతోందని లెక్క. ఒక మూలే చెరిగితే అక్కడ ఆకురాయితో రెండు మూడు సార్లు, వాలు మారకుండా గీకండి. చివరికి సుత్తితోనే లోపలికి దించి, ఆ తర్వాత నట్టు బిగించాలి. నట్టు పిన్ను జారకుండా పట్టుకోవడానికే. దాన్ని తిప్పి పిన్నుని లాగుదామనుకుంటే మరలు కొట్టుకుపోతాయి.

ఉప్పుగాలి:
పాత పానా గారు చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్కటే చేరుస్తా: కొత్త పిన్నుకి పల్చగా గ్రీజు పూసి దించండి. సముద్రం పక్కన ఎండుగా దించిన పిన్ను రెండేళ్లకి క్రాంకుతో ఒకటైపోతుంది.

రెండు క్రాంకులూ ఎట్టాగూ ఊడతాయి కదా, బీబీ కూడా విప్పి చూడండి. ఎడమవైపు లాకు రింగు తీసి, కప్పు తిప్పితే ఇరుసు బయటికొస్తుంది. కుడివైపు కప్పు జోలికి పోవద్దు, దాని మరలు ఎదురువి. లోపల గుడ్డతో తుడిస్తే చాలు. గుండ్లు పావు అంగుళానివి, వైపుకి 11. షాపులో 9 గుండ్లున్న జాలీ (గుండ్లని పట్టి ఉంచే రేకు చట్రం) ఇస్తామంటారు, తొందరగా ఎక్కించుకోవచ్చు నిజమే, కానీ బరువు 11 మీద పడితే కప్పు ఎక్కువకాలం మన్నుతుంది. పాత గుండ్లలో నాలుగు బాగున్నాయని దాచుకుని ఏడు కొత్తవి కలపొద్దు. పావు మిల్లీమీటరులో పదోవంతు తేడా ఉన్నా బరువంతా లావు గుండ్లే మోస్తాయి.

బిగింపు ఇట్టా: కప్పుని ఆట (వదులు) పోయేదాకా తిప్పి, గోరంత వెనక్కి తీసి, కప్పు కదలకుండా పట్టుకుని లాకు రింగు బిగించండి. ఇరుసు వేళ్లతో తిప్పితే మెత్తగా తిరగాలి, పక్కకి ఊపితే ఆట ఉండకూడదు. అక్టోబరులో ఈశాన్య వానలు మొదలయ్యేలోపు ఈ పని చేసుకుంటే డిసెంబరు దాకా నిశ్చింత. సీటు గొట్టం గుండా దిగిన నీళ్లు వచ్చి చేరేది బీబీలోకే.

ఇక చైను. పైన ఎర్రగా ఉన్నంత మాత్రాన అరిగినట్టు కాదు. బిగువుగా పట్టి స్కేలుతో చైను లింకు పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి 24 లింకులు కొలవండి. కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు. 12 మీద 1/16 దాటితే మార్చండి. 1/8 దాకా సాగనిస్తే ఫ్రీవీలు పళ్లు కూడా కొక్కేల్లా వంగిపోతాయి, అప్పుడు కొత్త చైను ఆ పళ్ల మీద నిలవదు. షాపు వాళ్ల మాట అప్పుడు నిజమవుతుంది.

ఇంకా సాగకపోతే డీజిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఎండలో పూర్తిగా ఆరాక ఒక్కో రోలరుకి ఒక్కో చుక్క కొత్త ఇంజను ఆయిలు. పది నిమిషాలాగి పైన గుడ్డతో తుడిచెయ్యండి. నూనె పనిచేసేది రోలరు లోపల, పైన మిగిలింది ఇసుకని పిలుస్తుంది. మెకానిక్కుల దగ్గర ఊరికే దొరికే వాడేసిన నల్లనూనె వద్దు, అందులో ఇనప పొడి ఉంటుంది. కొబ్బరి నూనె కూడా వద్దు, జిగురుగా మారుతుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు చైను రెండు కొసల్ని కలిపే లాకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైను నడిచే దిక్కుకి ఉండాలి. కింది చైనుని మధ్యలో వేలితో ఆడిస్తే మొత్తం అర అంగుళం ఊగితే చాలు.

కనిగిరి ఎర్రమట్టి:
మీ పంచరుకి దోషం ట్యూబులో లేదు, టైరులో ఉంది. సర్కారు తుమ్మ ముల్లు దిగి కొస విరిగిపోతే బయటి నుంచి కనపడదు. ట్యూబుకి ప్యాచి వేసి అదే టైరులో పెడితే ఆ కొస మళ్లీ పొడుస్తుంది. పల్లేరు కాయదీ అదే వరస.

టైరు విప్పేటప్పుడు వాల్వు దగ్గర టైరు మీద సుద్దతో గీత పెట్టుకోండి. ట్యూబులో బెజ్జం వాల్వుకి ఎన్ని జానల దూరమో కొలిచి, టైరులో రెండు వైపులా అంతే దూరంలో వెతకండి. ఎటు తిరగేసి పెట్టామో గుర్తుండదు కాబట్టి రెండు వైపులా అంటున్నా. లోపల వేలు జరపొద్దు, గుచ్చుకుంటుంది. దూదో పాత బనియను ముక్కో పట్టి రాయండి. ముల్లు ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. పట్టకారుతో లోపలి నుంచి లాగెయ్యండి.

బెజ్జం ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. బయటి వైపైతే ముల్లు. రిమ్ము వైపైతే రిమ్ము పట్టీ జరిగి పుల్ల (స్పోకు) కొస తగులుతోంది. పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువతో గుంటలో దిగి, ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగినట్టు. ఏ బెజ్జమూ దొరక్కపోతే వాల్ ట్యూబు ముక్క (వాల్వు లోపలి సన్న రబ్బరు గొట్టం) మార్చి చూడండి. వాల్వు మీద ఉమ్ము రాస్తే బుడగ వస్తే అదే.

ప్యాచి మర్నాడే ఊడటానికి ఒక్కటే కారణం, తొందర. ఆకురాయితో ట్యూబు నలుపు చచ్చేదాకా, ప్యాచి కంటే వెడల్పుగా గీకి, దుమ్ము దులిపి, సొల్యూషన్ పల్చగా పూసి, వేలు పెడితే అంటుకోనంత ఆరాక ప్యాచి వెయ్యాలి. మామూలుగా అయిదు నిమిషాలు. తడిగా ఉండగా వేస్తే లోపల ఆవిరి చిక్కుకుని, గాలి నిండగానే అంచు లేస్తుంది.

అల్లూరు రోడ్డు:
చెప్పినట్టే చేశా. కుడి పిన్ను చదును మీద గోరుకి తగిలేంత మెట్టు పడింది. 24 లింకులు కొలిస్తే 12 అంగుళాల మీద సన్న గీతంత, 1/16 లేదు, కాబట్టి చైను ఉంచేశా. టైరులో రెండు ముల్లు కొసలు దొరికాయి. పిన్నులు రెండూ కొత్తవి. టక్ పోయింది, కానీ ఇప్పుడు క్రాంకులు ఒకే గీతలో లేవు. కుడిది ముందుకి అడ్డంగా పెడితే ఎడమది కాస్త కిందికి వాలుతోంది. ఇరుసు మెలిపడిందా?

పాత పానా:
ఇరుసు బాగానే ఉంది, ఒక పిన్ను తిరగేసి దిగింది. కుడి క్రాంకు ముందుకి, ఎడమది వెనక్కి అడ్డంగా ఉంచి నట్లు చూడండి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి. రెండూ పైకే చూస్తుంటే ఎడమ పిన్ను తీసి రెండో వైపు నుంచి దించండి. పైపు ఆధారం మళ్లీ పెట్టాలి, మర్చిపోవద్దు.

నట్లు సరిగ్గానే ఉండి కూడా వాలు ఉంటే, ఒక చదును ఎక్కువ గీకినట్టు. నట్టు వైపు రెండు పిన్నుల మరలూ ఎంతెంత బయటికొచ్చాయో పోల్చండి. ఎక్కువ బయటికొచ్చింది ఎక్కువ గీకిందే. రెండోదాన్ని దానికి సమానంగా తేవాలి.

సరిచేశాక మూడు నాలుగు కిలోమీటర్లు తొక్కి, మళ్లీ పైపు పెట్టి లావు తల మీద ఒక్కో దెబ్బ వేసి, నట్లు బిగించుకోండి. కొత్త పిన్ను మొదటి తొక్కుడుకి ఎంతో కొంత సర్దుకుంటుంది.