అక్వేరియంలో నీళ్లు వారం వారం మార్చాలా, తగ్గినంత పోస్తే చాలా?

మియాపూర్_గప్పీ:
రెండడుగుల ట్యాంకు అనుకోండి. గులకరాళ్లు పోను 45 లీటర్ల నీళ్లు, స్పాంజ్ ఫిల్టర్, 12 గప్పీలు. నా వాదన ఏమిటంటే, ఆవిరైనంత బోరు నీళ్లు పోస్తే చాలు. మారిస్తే చేపల వ్యర్థాలను శుద్ధి చేసే మంచి బ్యాక్టీరియా పోతుంది. నీళ్లు మార్చిన మర్నాడే చేపలు చచ్చాయని ఎంతమంది చెప్పట్లేదు?

మలక్‌పేట_నల్లా:
బ్యాక్టీరియా నీళ్లల్ల ఉండదన్నా. స్పాంజిల, గులకరాళ్ల మీద అతుక్కొని ఉంటది. దాన్ని చంపేది స్పాంజిని నల్లా కింద పెట్టి కడుగుడు, క్లోరిన్ తగుల్తది. ట్యాంకుల నుంచి తీసిన నీళ్లనే బకెట్ల పట్టి, అండ్ల రెండు మూడు సార్లు పిండితే చాలు. గోధుమ రంగు కొంచెం మిగలాలె, తెల్లగ చేయొద్దు.

ఇగ పోసుడు సంగతి. ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు, సున్నం, చేపల వ్యర్థం ఆఖరికి మారే నైట్రేట్ అండ్లనే ఉంటయ్. అద్దం మీద నీటిమట్టం కాడ గోటికి గరుకుగ తగిలే తెల్లటి గీత ఆ సున్నమే. వారానికి 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాములు) నైట్రేట్ పెరుగుతదనుకో. వారం వారం 25 శాతం మారిస్తే, మార్చే ముందట 40 దాటదు. రెండు వారాలకోసారైతే 80 దాక పోతది. అసలు మార్చకపోతే ఆగేదే లేదు.

మియాపూర్_గప్పీ:
మరి మార్చగానే చచ్చేవాటి మాటేమిటి?

సైనిక్‌పురి_మొక్కలు:
తప్పు మార్చడంలో లేదండీ, నెలల తరబడి మార్చకుండా ఒకేసారి సగం మార్చడంలో ఉంది. ఆర్వో నీళ్లో, సున్నం తక్కువున్న నీళ్లో పోసే ట్యాంకులో పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలతను) నిలిపి ఉంచే కార్బొనేట్లు అరిగిపోయి అది 6 దాకా దిగుతుంది. అప్పుడు ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా మందగిస్తుంది. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమ్మోనియా పేరుకుంటుంది, కానీ అమ్మోనియం రూపంలో ఉండి పెద్దగా హాని చేయదు. పీహెచ్ 8 ఉన్న కొత్త నీళ్లు ఒక్కసారిగా పడగానే అది విషమవుతుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మీ బోరు ట్యాంకులో దెబ్బ వేరు: పేరుకున్న ఉప్పు ఒక్కసారిగా సగానికి పడిపోతే చేప ఒళ్లు తట్టుకోదు. రెంటికీ మందొకటే. రోజు విడిచి రోజు 10 శాతం చొప్పున రెండు వారాలు, ఆ తర్వాతే 25.

అయితే మియాపూర్ గారి మాటను పూర్తిగా కొట్టేయను. వల్లిస్నేరియా, హార్న్‌వర్ట్ దట్టంగా పెరిగి, 45 లీటర్లకు ఐదారు గప్పీలే ఉంటే నైట్రేట్‌ను మొక్కలే తినేస్తాయి. నెలకోసారి మార్చినా నడుస్తుంది. ఆవిరైనంత పైన పోసేది మాత్రం ఆర్వో నీళ్లే కావాలి.

మలక్‌పేట_నల్లా:
12 గప్పీలు మూడు నెలలల్ల 50 అయితయ్, అది గూడ లెక్కల పెట్టున్రి. ఇంకోటి, మే నెల మధ్యాహ్నం పైట్యాంకు నీళ్లు పట్టి పోయొద్దు, కాగుతుంటయ్. పొద్దుగాల పట్టాలె, థర్మామీటర్ పెట్టి రెండు డిగ్రీల తేడా మించకుండ చూడాలె. యాంటీ క్లోరిన్ బకెట్ల కలిపితే బకెట్ లెక్క. నేరుగ ట్యాంకుల పోస్తే మొత్తం 45 లీటర్ల లెక్క.

మియాపూర్_గప్పీ:
సరే, ముందు 10 శాతంతో మొదలుపెట్టడం సబబే. అడుగునున్న గులకరాళ్లన్నీ ఒకేరోజు సైఫన్ చేయాలా (పైపుతో మురికి లాగాలా)?

సైనిక్‌పురి_మొక్కలు:
వద్దండీ. ఈ వారం ఎడమ సగం, వచ్చే వారం కుడి సగం. స్పాంజ్ పిండిన వారం గులకరాళ్ల జోలికి పోవద్దు. చెయ్యి పెట్టేముందు హీటరు, పంపు ప్లగ్గులు పీకేయండి.