రాత్రి ఒంటిగంట దాకా ఫోన్, తెల్లారితే ఏడుపు: ఇంటర్ పిల్లతోని ఎట్ల?

నల్గొండ టైలరమ్మ:
బిడ్డ ఇంటర్ సెకండియర్, బైపీసీ. ఫోన్ ఇయ్యకుంటే నడవదు, కాలేజోళ్లు రాత్రి పదింటికి గ్రూపుల పీడీఎఫ్‌లు పెడ్తరు. అవి చూస్తనని మొదలువెట్టి రీల్స్ మీదికి పోతది. ఒంటిగంటకు నీళ్లు తాగనీకి లేస్తే దుప్పట్ల వెలుగు కనవడ్తది. పదో తరగతి దాకా బడి తరఫున ఖోఖో ఆడిన పిల్ల, ఇప్పుడు మెట్లెక్కాలన్నా విసుగే. మొన్న పప్పుల ఉప్పు తక్కువైందని కంచం నెట్టేసింది. ఎనకాల చూస్తే మిషన్ పక్కన కూసోని ఏడుస్తున్నది. ఎందుకే అంటే తెల్వదంటది. మా ఆయనేమో ఫోన్ పగలగొడ్త అంటున్నడు.

మిర్యాలగూడ అన్న:
ఫోన్ బీరువాల పెట్టి తాళమెయ్యి చెల్లె. మూడోనాటికి అదే సక్కగైతది.

పాలమూరు పీఈటీ:
అన్నా, మీ ఇంట్ల ఇంటర్ పిల్లలు లేనట్టున్నరు. అమ్మా, ఒక్క ముచ్చట చెప్పుండ్రి. పొద్దున ఎన్నింటికి లేపుతున్నరు?

నల్గొండ టైలరమ్మ:
నాలుగున్నరకు సారూ. తెల్లారగట్ల చదివితే మనసుకెక్కుతదంటరు గదా.

పాలమూరు పీఈటీ:
ఇగో, దొరికింది. ఒంటిగంట నుంచి నాలుగున్నర అంటే మూడున్నర గంటల నిద్ర. 13 నుంచి 18 ఏండ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటలు గావాలె. ఆ ఈడుల ఒంట్లె గడియారమే ఆలస్యంగ తిరుగుతది, మన లెక్క తొమ్మిదింటికే కన్నంటదు. దానికితోడు ఫోన్ వెలుగు కండ్లల్ల పడితే నిద్ర తెచ్చే మెలటోనిన్ ఇంకింత లేటుగ ఊరుతది. చదివినదాన్ని మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలనే. మీరు ఆ నిద్రనే కోసి చదివిస్తున్నరు. ఉప్పుకు కంచం నెట్టుడు గూడ సగం నిద్రలేక వచ్చే కోపమే అయ్యుంటది. కాకపోతే మనసు బాగలేకున్నా నిద్ర పట్టదు, అందుకని ఒక్క ఫోన్‌నే దోషి చెయ్యకుండ్రి.

ఇగ ఆట. 17 ఏండ్ల దాకా పిల్లలు రోజుకు సుమారు 60 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్తది. పరీక్షలొస్తున్నయంటే మా బడిల ముందు నా పీరియడే పోతది, మ్యాథ్స్ సార్ తీసుకుంటడు. కొట్లాడి కొట్లాడి నాకే విసుగొచ్చింది. మీకు ఎన్జీ కాలేజీ గ్రౌండ్ ఉండనే ఉండె. పొద్దుటి ఎండ తలిగితే రాత్రి నిద్ర గూడ జల్ది వస్తది. "పోయి ఉరుకు" అంటే మాత్రం పోదు, ఎంబడి మీరు నడవాలె.

జడ్చర్ల డిగ్రీ పోరడు:
ఆంటీ, నాది గూడ ఇదే కథ. పీడీఎఫ్‌లు జిరాక్స్ షాపుల ప్రింట్ తీపిచ్చుకున్న, రాత్రి ఫోన్ అవసరమే పడలే. మొదటి వారం నిద్ర రాక ఫ్యాన్ దిక్కు చూసుకుంట పండుకున్న. ఇంకోటి, ఫోన్ హాల్ల పెట్టమంటే అందరియి పెట్టాలె. మా నాన్న నన్ను తిట్టి, పక్క గదిల యూట్యూబ్ పెట్టుకుంటుండె. ఆ మంటకే నేనింకో గంట ఎక్కువ చూసేటోణ్ణి.

దేవరకొండ సిస్టర్:
అక్కా, నేను నర్సును. ఆ ఏడుపు రెండు వారాలు దాటినా, అన్నం సయించకున్నా, "నేనుండి ఏం లాభం" అన్నట్టు మాట్లాడినా ఆగకుండ్రి. మనసు బాగలేనోళ్లకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ ఉన్నది, టెలిమానస్ అంటరు. నంబర్ 14416, పైసలు పడవు, రాత్రైనా ఎత్తుతరు, తెలుగుల మాట్లాడొచ్చు. బిడ్డనే చేయాలని లేదు, మీరు చేసినా సరే.

నల్గొండ టైలరమ్మ:
నాలుగు రోజులాయె లేపుడు బంద్ చేసి. ఫోన్లు మూడూ మిషన్ మీదనే ఉంటున్నయి, మా ఆయనది గూడ, గునుక్కుంటనే పెడ్తున్నడు. ఒంటిగంటకు లేచి చూస్తే నిన్న గూడ మెలకువనే ఉన్నది, చీకట్ల. మాట్లాడుకుంట కొంచెంసేపు పక్కన పండుకున్న. పొద్దున సజ్జ మీదికెళ్లి షూస్ దించితే బిగుతైనయి, ఆదివారం కొనాలె. "నువ్వు గూడ వస్తవా గ్రౌండ్‌కు, చీర మీదనేనా?" అని నవ్వింది. అందరి బట్టలు పక్కకు వెట్టి నాకొక పంజాబీ డ్రెస్ కుట్టుకుంటున్న.