శనివారం లయన్స్ మీద కమాండర్స్‌కి ఛాన్స్ ఉందా? మనసులో మాట చెప్పండి

హాగ్స్_ఫ్యాన్:
శనివారం (2025 జనవరి 18) రాత్రి డెట్రాయిట్‌లో మన వాషింగ్టన్ కమాండర్స్‌కి, డెట్రాయిట్ లయన్స్‌కి డివిజనల్ రౌండ్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ NFL ప్లేఆఫ్స్ (నాకౌట్) రెండో రౌండ్. ఎవర్ని కదిపినా లయన్స్ కొట్టేస్తారనే అంటున్నారు, వాళ్ళేమో 15-2 (15 గెలుపులు, 2 ఓటములు), టాప్ సీడ్ (మొదటి ర్యాంకు), వారం రెస్ట్ కూడా దొరికింది, మనం ఆరో సీడ్. కానీ 2023లో 4-13తో కుదేలైన టీమ్ మనది, ఇప్పుడు 12-5 చేసి టాంపా వెళ్ళి 23-20 గెలిచొచ్చింది. ప్లేఆఫ్స్‌లో మనం గెలవడం 2006 జనవరి తర్వాత ఇదే, అప్పుడూ టాంపాలోనే. ఆ ఆఖరి కిక్ (రెండు పోస్టుల మధ్య నుంచి బాల్ తన్నే ఫీల్డ్ గోల్) ఇంకా కళ్ళ ముందే ఆడుతోంది, 37 గజాలు, బాల్ వెళ్ళి కుడి పోస్టుకి ఠంగుమని తగిలింది, అయిపోయిందనుకుని తల పట్టుకున్నా, మా తమ్ముడు గట్టిగా అరిస్తే గానీ లోపలికి పడిందని అర్థం కాలేదు. ఇంకో వారం ఆశ పెట్టుకోవచ్చా?

డెట్రాయిట్_బ్లూ:
నేను లయన్స్ ఫ్యాన్‌ని, అయినా నిజాయితీగా చెప్తా. మీ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) డేనియల్స్ అంటే మాకూ భయమే. కానీ రన్ (బాల్ పట్టుకుని పరిగెత్తడం) ఆపడంలో మీవాళ్ళు సీజన్ అంతా కష్టపడ్డారు బ్రో, మాకేమో రన్నర్ గిబ్స్ ఉన్నాడు, మోకాలి దెబ్బ నుంచి మాంట్‌గోమరీ కూడా తిరిగొస్తున్నాడు, ఇద్దరూ మార్చి మార్చి కొడుతుంటే మూడో క్వార్టర్‌కల్లా మీ ముందు లైన్ అలిసిపోతుంది. పైగా పోయినేడు శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ మీద హాఫ్ టైమ్‌కి 24-7 లీడ్‌లో ఉండి 34-31తో పోగొట్టుకున్నాం, ఆ మంట ఇంకా చల్లారలేదు. సూపర్ బౌల్ (ఫైనల్) ముఖం ఇంతవరకు చూడని టీమ్ మాది. మావాళ్ళు ఏమరుపాటుగా ఆడతారని మాత్రం అనుకోవద్దు.

నాలుగో_డౌన్:
ఛాన్స్ ఉంది అన్నా, గట్టిగానే ఉంది. రెగ్యులర్ సీజన్‌లో మనం ఫోర్త్ డౌన్‌లో (పది గజాలకి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఆఖరిది, మామూలుగా అప్పుడు బాల్‌ని దూరంగా తన్నేస్తారు, అదే పంట్) 23 సార్లు ఆడితే 20 సార్లు దక్కించుకున్నాం. టాంపాలో చూడలేదా, నాలుగో క్వార్టర్‌లో వెనకబడి ఉన్నాం, గోల్ దగ్గర ఫోర్త్ అండ్ టూ (ఆఖరి ప్రయత్నం, ఇంకా రెండు గజాలు కావాలి), ఫీల్డ్ గోల్ తీసుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, అయినా ఆ ప్రయత్నానికే వెళ్ళారు, మన రిసీవర్ (పాస్ పట్టేవాడు) మెక్‌లారిన్‌కి టచ్‌డౌన్. బాల్ మన చేతిలో ఎంతసేపు ఉంటే గిబ్స్ అంతసేపు బెంచ్ మీదే కదా.

ఇంకోటి, వాళ్ళ డిఫెన్స్ స్టార్ హచిన్సన్ లేడు. అక్టోబర్‌లో డాలస్‌లో కాలు విరిగినప్పటి నుంచి వాళ్ళకి ముందు నలుగురితో క్వార్టర్‌బ్యాక్ మీద ప్రెజర్ రావట్లేదు, అందుకని బ్లిట్జ్ పంపి (ఇంకా ఎక్కువమందిని అతని మీదకి దూకించి) వెనకాల మ్యాన్ కవరేజ్ (ఒక్కో రిసీవర్‌కి ఒక్కో డిఫెండర్) ఆడతారు. మ్యాన్ కవరేజ్‌లో డిఫెండర్లు తమ రిసీవర్‌ని చూస్తూ వెనక్కి తిరిగి పరిగెడతారు, ఆ టైమ్‌లో డేనియల్స్ గానీ పాకెట్ (తన లైన్ కాపాడే చోటు) దాటి బయటికొస్తే ఎదురుగా పదిహేను గజాలు ఖాళీ. 891 గజాలు పరిగెత్తాడు, రూకీ (మొదటి ఏడాది) క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు అది.

పాతకాపు:
టాప్ సీడ్ ఇంట్లో ఓడిపోవడం కొత్తేం కాదు. 2022 జనవరి 22న ఒక్క రోజే రెండు టాప్ సీడ్లూ సొంత గ్రౌండ్‌లో పోయాయి, బెంగాల్స్ చేతిలో టైటన్స్ 19-16, నైనర్స్ చేతిలో ప్యాకర్స్ 13-10. బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ బరో అయితే తొమ్మిది సార్లు సాక్ అయ్యి (బాల్ విసరకముందే కింద పడి) కూడా గెలిచాడు.

కానీ ఫోర్త్ డౌన్ గురించి ఒక మాట తమ్ముడూ. 2020 జనవరిలో రేవెన్స్ కూడా 14-2, వాళ్ళూ ఏడాదంతా ధైర్యంగా వెళ్ళినవాళ్ళే, ఆరో సీడ్ టైటన్స్ వచ్చి ఫోర్త్ అండ్ వన్‌లో రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ లామార్‌ని రెండుసార్లు ఆపేశారు, అటువైపు టైటన్స్ రన్నర్ హెన్రీ 195 గజాలు తొక్కేశాడు, 28-12. అంటే ఆ ఫోర్త్ డౌన్ దక్కకపోతే పంట్ కంటే ఘోరం, బాల్ వాళ్ళకి మంచి చోట దొరుకుతుంది. నా లెక్కలో శనివారం తేల్చేది టర్నోవర్లే (బాల్ ఎదుటివాళ్ళకి పోగొట్టుకోవడం). మనం ఒక్కటి కూడా ఇవ్వకుండా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ గాఫ్ దగ్గర రెండు లాక్కుంటే గెలుస్తాం.

హాగ్స్_ఫ్యాన్:
అందరికీ థాంక్స్, డెట్రాయిట్ బ్రోకి కూడా. పాతకాపు అన్న చెప్పింది చదివి కాస్త గుబులు పుట్టింది గానీ నేను మాత్రం ఫోర్త్ డౌన్‌లో వెళ్ళాలనే అంటా. ఈ టీమ్‌ని ఇక్కడిదాకా తెచ్చింది అదే కదా, ఇప్పుడు సేఫ్‌గా ఆడితే మనం మనంలా ఉండం. మొదటి డ్రైవ్‌లో ఫోర్త్ అండ్ టూ వచ్చి, పంటర్ సైడ్‌లైన్ దగ్గరే నిలబడిపోయాడంటే చాలు, నాకు నమ్మకం వచ్చేస్తుంది.