పోస్టింగ్‌కు ముందు హెపటైటిస్ బి: మూడు డోసులు పడితే చాలా, టైటర్ కూడా కావాలా?

ట్యూటర్_మేడమ్: బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్ పిల్లలు వచ్చే నెల వార్డులకు వెళ్తున్నారు. కొందరు ఒక్క డోసుతో ఆపేశారు. మళ్లీ మొదటి నుంచి వేయించాలా? టైటర్ (రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే టెస్టు) అందరికీ చేయించాలా?

టీకా_గది: మొదటి నుంచి అక్కర్లేదు మేడమ్, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టండి. మామూలు లెక్క 0, 1, 6 నెలలు. ఆలస్యమైతే రెండోది వెంటనే వేసి, మూడోదానికి కనీసం 8 వారాలు ఆగాలి. మొదటి డోసుకూ చివరిదానికీ మధ్య 16 వారాలైనా ఉండాలి. పెద్దవాళ్లకు 20 మైక్రోగ్రాములు, 1 ఎంఎల్, భుజం కండలోకే. పిరుదుకు వేస్తే మందు కొవ్వులో ఉండిపోయి యాంటీబాడీలు సరిగ్గా రావు.

ల్యాబ్_బెంచ్: టైటర్ అందరికీ చేయించండి. చివరి డోసు తర్వాత 1 నుంచి 2 నెలల మధ్య యాంటీ-హెచ్‌బీఎస్ (హెపటైటిస్ బి నుంచి కాపాడే యాంటీబాడీ) 10 ఎంఐయూ/ఎంఎల్ గానీ అంతకుమించి గానీ వస్తే రక్షణ ఉన్నట్టే, తర్వాత తగ్గినా కంగారు అక్కర్లేదు. చిక్కంతా ఏళ్ల కిందట వేయించుకుని ఇప్పుడు టెస్టుకొచ్చే వాళ్లతోనే. 10కి తక్కువొస్తే టీకా పనిచేయలేదని కాదు. ఒక డోసు వేసి నెల, రెండు నెలలకు మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే ఇంకో రెండు డోసులు, మళ్లీ టెస్టు.

డోసు వేసిన వెంటనే హెచ్‌బీఎస్ఏజీ టెస్టు (వైరస్ పైపొర యాంటిజెన్ రక్తంలో ఉందేమో, అంటే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసేది) మాత్రం పంపకండి. టీకాలోని యాంటిజెనే 18 రోజుల దాకా పాజిటివ్ చూపించొచ్చు. ఆ కాగితం పట్టుకుని పిల్ల ఏడుస్తూ కూర్చుంటుంది.

టీకా_గది: బ్యాచ్‌లో చాలామందికి తక్కువొస్తే ముందు కోల్డ్‌చైన్ (టీకాను చల్లగా ఉంచే ఏర్పాటు) మీద అనుమానపడండి. ఈ టీకాకు ఎండ కన్నా గడ్డకట్టడమే ప్రమాదం. ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాక్‌ను వయల్‌కు ఆనించి క్యారియర్‌లో పెడితే అంతే సంగతులు. గడ్డకట్టి కరిగిన వయల్‌ను ఊపి పెడితే తెల్లటి రేణువులు గబగబా అడుగుకు చేరతాయి, పైన నీళ్లు తేలతాయి. అది పారేయాల్సిందే. 2 నుంచి 8 డిగ్రీలు, అంతే.

క్యాజువాలిటీ_నైట్: టీకా సరే, సూది గుచ్చుకున్నాక ఏం చేయాలో కూడా చెప్పి పంపండి. సబ్బూ నీళ్లతో కడగాలి. పిండకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ పోయకూడదు. వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాలి. పేషెంట్‌కు హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) టెస్టులు పంపాలి, పిల్లకు బేస్‌లైన్ శాంపిల్ తీయాలి. పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు) 2 గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. రోజుకో మాత్ర, 28 రోజులు. ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) పగలే తెరుస్తారు కాబట్టి మొదటి డోసులు రాత్రి కూడా క్యాజువాలిటీలో దొరకాలి. పోస్టింగ్ మొదటి రోజే ఆ అల్మరా చూపించండి.

పేషెంట్ హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయ్యి, పిల్లకు రెండు టీకా కోర్సులైనా టైటర్ రాకపోతే హెపటైటిస్ బి ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కిలోకు 0.06 ఎంఎల్, వీలైతే 24 గంటల్లో, నెల తర్వాత ఇంకోటి. అందుకే టైటర్ ముందే కార్డు మీద రాసి ఉండాలి. రాత్రి రెండింటికి ల్యాబ్ రిపోర్టు కోసం ఎవరూ పరిగెత్తలేరు.

వార్డు_సిస్టర్: పిల్లలకు గుచ్చుకునేది ఎక్కువగా క్యాప్ తిరిగి పెట్టేటప్పుడే. నీడిల్ కట్టర్ వార్డుకు ఆ చివర, పేషెంట్ ఈ చివర ఉంటే క్యాప్ పెట్టొద్దని ఎంత చెప్పినా పెడతారు. కట్టర్, తెల్ల షార్ప్స్ డబ్బా ట్రాలీ మీదే ఉండాలి. డబ్బా ముప్పావు నిండగానే మార్చాలి.

ట్యూటర్_మేడమ్: హెచ్‌బీఎస్ఏజీ నిజంగానే పాజిటివ్ ఉన్న అమ్మాయిని పోస్టింగ్ ఆపమని ఆఫీసు నుంచి ఒత్తిడి ఉంది.

ల్యాబ్_బెంచ్: ఆపాల్సిన పనిలేదు మేడమ్. ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, వైటల్స్, క్యాన్యులా అన్నీ చేయొచ్చు. లోతైన సర్జరీలో చేతులు పెట్టే పనులకే వైరల్ లోడ్ చూస్తారు. 2012 అమెరికా సీడీసీ సూచనల్లో ఆ హద్దు 1000 ఐయూ/ఎంఎల్. ఫస్టియర్ నర్సింగ్‌లో అలాంటి పనే లేదు. హెపటాలజీ ఓపీకి పంపి ఫాలోఅప్ పెట్టించండి. రిపోర్టు మాత్రం నోటీసు బోర్డెక్కకూడదు, క్లాసు లీడర్ చేతికి పోకూడదు.