కరపత్రం మీద "పేకాట" అని వేయొచ్చా?

సంక్రాంతికి బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం రమ్మీ పోటీ పెడుతున్నాం. పదమూడు ముక్కల ఆట, ఫుల్ కౌంట్ (ఓడినవాళ్లకు ఒక ఆటలో పడే గరిష్ఠ పాయింట్లు) 80, మొత్తం 201 దాటితే ఔట్. పైసా పందెం లేదు, ప్రవేశ రుసుం లేదు, గెలిచినవాళ్లకు ఇత్తడి చెంబు. కరపత్రం మీద "సంక్రాంతి పేకాట పోటీలు" అని రాసి కమిటీకి పంపాను. పది నిమిషాల్లో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, ఆ మాట తీసెయ్. రమ్మీ టోర్నమెంట్ అని వెయ్. పేకాట అంటే పోలీసులు గుర్తొస్తారు" అన్నారు.

ఆయన్ని తప్పుపట్టలేను. పేపర్లో ఈ మాట ఎక్కడ కనిపిస్తుంది? "పేకాట స్థావరంపై దాడి", "పేకాటరాయుళ్ల అరెస్టు". రాయుడంటే రాజు. అంత నిండైన మాటను తెచ్చి చెట్టుకింద పట్టుబడ్డవాళ్లకు వెటకారంగా తగిలించాం. నిజానికి 1967లోనే సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి అని కారణం కూడా చెప్పింది. క్లబ్బు ఆట మీద లాభం తీసుకుంటే అది వేరే సంగతి అని కూడా అంది. అంటే తప్పు పందెంలో ఉంది, పేకలో లేదు. మరి మాటకెందుకు శిక్ష?

నా బాధ ఇంకోటి. రమ్మీ అంటే ఒక ఆట పేరు, అంతే. పేకాట అన్న మాట పోతే దాని వెనక ఉన్న మాటలన్నీ పోతాయి. పోయిన ఏడాది మా బల్ల దగ్గర ఇది కళ్లారా చూశాను. పద్నాలుగేళ్ల అబ్బాయి, ఇక్కడే పుట్టి పెరిగాడు, చేతిలో వరస ముక్కలు పెట్టుకుని "ఆంటీ, ఇస్పేటు అంటే ఏ సింబల్?" అని అడిగాడు. నల్లగా, తిరగేసిన గుండెకి కాడ ఉన్నట్టుంటుంది చూడు అని చూపించాను. ఇంతలో పక్కన కూర్చున్న కన్నడావిడ ముక్కలు కలపడానికి చెయ్యి చాపి "ఇస్పీట్ కొడి" అన్నారు. వాడు కొత్తగా నేర్చుకున్న హుషారులో ఇస్పేటు ఆసు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. కన్నడంలో ఇస్పీట్ అంటే పేక మొత్తం, కొడి అంటే ఇవ్వండి. మనకది నాలుగు రంగుల్లో, అంటే ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు గుర్తుల్లో, ఒకటి.

వాటిలో మిగతా మూడు పేర్లూ ఎంత దూరం నుంచి వచ్చాయో చూడండి. కళావరు డచ్చి మాట. వాళ్లు క్లావర్ అంటారు, మూడాకుల గడ్డి. ఆటీను కూడా వాళ్ల హార్టెన్ నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇంగ్లిషు హార్ట్స్ నుంచి వచ్చి ఉంటే చివర ఆ "ను" ఎక్కడిది? డైమను మాత్రం ఇంగ్లిషుదే, ఎందుకంటే డచ్చివాళ్లు దాన్ని రౌటెన్ అంటారు. డచ్చివాళ్లు 1600ల మొదట్లోనే మచిలీపట్నంలో దిగారు, 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు. వాళ్ల ఏలుబడి పోయి ఎంత కాలమైందో, మన చేతిలో కళావరు రాణి మాత్రం ఉంది.

తురుపు ముక్క సంగతి ఇంకా విచిత్రం. రమ్మీలో తురుపు, అంటే మిగతా రంగుల్ని కొట్టే రంగు, లేదు. తురుపు ఆట ఎన్నడూ ఆడనివాళ్లు కూడా ఎన్నికల వార్తల్లో, క్రికెట్ వార్తల్లో ఆ మాట రోజూ చదువుతారు.

ఇదంతా మన గ్రూపులో పెడితే ఇద్దరు జవాబు రాశారు.

కోలారు నుంచి ఒక సభ్యుడు: అక్కా, మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ "ఇస్పీట్ ఆడదాం రా" అనే అంటాం. పేక అన్న మాట పెళ్లయ్యాక నెల్లూరు అత్తగారింట్లోనే విన్నా. ముక్కని మేం కూడా కన్నడంలో లాగా ఎలె అంటాం.

వరంగల్ నుంచి ఒక సభ్యురాలు: మా దిక్కు పత్తాలాట అంటరు. పత్తా అంటే ఆకే కద! జాకీని గులాం అంటం.

ఇద్దరికీ దండాలు. ఎలె ఆకే, పత్తా ఆకే. తమిళంలో సీట్టు, అంటే చీటీ. కోస్తావాళ్లం మేం ముక్క అంటాం. "ఒక్క ముక్క చెప్పు", "నాలుగు ముక్కలు రాయి" అని మాటకి కూడా అదే వాడతాం కాబట్టి నాకు అది మరీ ఇష్టం.

పెద్దాయనకి ఇదంతా చదివి వినిపించాను. కాసేపు ఆగి, "పేకాట అనే ఉంచు, కింద పందెం లేదని పెద్దక్షరాలతో వెయ్" అన్నారు. కరపత్రం వెనక పక్క పిల్లల కోసం బొమ్మలతో ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అని వేస్తున్నాం. జాకీ పక్కన గులాం కూడా చేర్చాను. శుక్రవారం ప్రింటుకిస్తాం. మీ ఊళ్లో ఆసుని, జోకర్ని ఇంకేమైనా అంటారా? గురువారం రాత్రిలోపు రాయండి, చోటుంది.