మనకు వసంతం ఎక్కడుంది?

అనంతపురం మాస్టారు:
ప్రైవేటు జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఇప్పుడు మా బ్రాంచి మూసేశారు. నలభై దాటాక మళ్లీ మొదటినుంచి అంటే టెన్షన్‌గా ఉంది. కలిసినవాళ్లంతా "శిశిరం పోతే వసంతం వస్తుందిలే" అంటారు. శివరాత్రి దాటితే మనకు నేరుగా ఎండాకాలమే కదా, ఆ వసంతం ఏదో నేనైతే చూడలేదు! ఊరికే ఓదార్పు కాకుండా, ఈ మార్పుకు ఎలా అలవాటు పడాలో ఎవరైనా చెప్పండి.

దుర్గం రైతు:
సార్, వసంతం సంగతి వదిలేయండి. ఏప్రిల్, మే నెలల్లో మా చేను ఖాళీగా కనిపిస్తుంది గానీ ఆ ఎండల్లోనే వేసవి దుక్కి దున్నుతాం, మట్టిలో దాక్కున్న పురుగులూ గుడ్లూ పైకొచ్చి ఎండకు చస్తాయి, తొలివాన పడితే నీళ్లు కొట్టుకుపోకుండా ఇంకుతాయి. జూన్, జూలైలో పదునైతే శెనక్కాయ వేస్తాం. ఆగస్టు దాకా వాన రాకపోతే? అప్పుడు కూడా శెనక్కాయే అని పట్టుబడితే విత్తనాల డబ్బులూ పోతాయి. అందుకే ఉలవలో కొర్రలో వేసుకుంటాం. ఉలవలు వేసినోడిని ఊళ్లో ఎవరూ చిన్నచూపు చూడరు. మీరూ కాలేజీ ఉద్యోగమే కావాలని కూర్చోవద్దు.

కడప అక్క:
నల్లమలలో టేకు ఆకులు రాల్చేది దిగులుతో కాదు తమ్ముడూ, నీళ్లు దొరకని నెలల్లో ఆకుల గుండా తడి పోకుండా. మోదుగైతే ఒంటిమీద ఆకు లేనప్పుడే ఎర్రగా పూస్తుంది. మా ఆయన పని పోయినప్పుడు మేం ముందు చీటీ ఆపేశాం, తర్వాత కారు అమ్మేశాం. చుట్టాలు నాలుగు రోజులు మాట్లాడుకున్నారు, అంతే.

కర్నూలు బ్రో:
అన్నీ బాగున్నాయి గానీ చెట్టుకు ఈఎంఐ ఉండదు కదక్కా. రుతువు దానంతటది వస్తుంది, జీతం రాదు. మాస్టారూ, నీట్‌లో 720కి 180 మార్కులు ఫిజిక్స్‌వే, బైపీసీ పిల్లలు ఎక్కువ భయపడేదీ దానికే. ఇంట్లో చిన్న బ్యాచ్ పెట్టండి, ఉద్యోగం వెతుక్కోవడం పక్కన నడుస్తూనే ఉంటుంది.

అనంతపురం మాస్టారు:
రైతన్నా, ఉలవల మాట బాగా తగిలింది. అక్కా, చీటీ మాకూ ఒకటి ఉంది, ఇంట్లో మాట్లాడాలి. బ్రో, ముందు గది ఖాళీగానే ఉంది, బోర్డు ఒకటి కొనాలి. ఫీజు నెలనెలా తీసుకుంటే మేలా, లేక చాప్టర్ల లెక్కనా?